అరకు ఘాట్ రోడ్డులో మా పాత మారుతి

ఇల్లన్నాక పాత సామాను ఉంటుంది. మా ఇంట్లో అత్తయ్యగారి పెళ్ళినాటి ఇత్తడి గుండిగ ఉంది, పందొమ్మిదేళ్ళ నా మిక్సీ ఉంది, మూత సరిగ్గా పట్టకపోయినా పారేయబుద్ధి కాని కుక్కరుంది. వీటన్నిటిలోకీ పెద్దది మాత్రం వీధి గుమ్మం ముందు, వేపచెట్టు కింద నిలబడి ఉంటుంది. అదే మా మారుతి 800.

దాన్ని కొన్నది మా మామగారు, 1998 ఆగస్టులో. తెల్ల రంగు, ఏపీ 5 నంబరు. అంతకు ముందు ఆయనకి ఓ అంబాసిడర్ ఉండేదట. నేను కాపురానికి వచ్చిన 2000 నాటికి రాజమండ్రిలో మా వీధి మొత్తానికి ఉన్న కార్లు మూడు. అందులో మాది ఒకటి. చెప్పొద్దూ, పుట్టింటికి ఆ కారులో వెళ్ళి దిగుతుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో!

మారుతి 800 మన దేశంలో మొదటిసారి రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. అప్పుడు దాని ధర 47,500 రూపాయలు. అంబాసిడర్ల, ఫియట్ల కాలంలో బొమ్మలా ఉన్న ఆ చిన్న కారుని చూసి జనం నవ్వారట. తర్వాత మధ్యతరగతి ఇళ్ళ ముందు అదే నిలబడింది. 2014 జనవరిలో మారుతి 800 తయారీ ఆపేశారు, అదే ఏడాది మే నెలలో అంబాసిడరూ ఆగిపోయింది. తయారీ ఆగిపోయినా మా ఇంట్లో కారు ఆగలేదు కదా! పదిహేనేళ్ళు నిండిన కారుకి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను మళ్ళీ చేయించాలి. 2013లో చేయించాం, 2018లో చేయించాం, 2023 ఆగస్టులోనూ చేయించాం. ఇదివరకు 600 రూపాయలుండే ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి ఏకంగా 10,000 చేశారు. వయసు మళ్ళిన కొద్దీ ఖర్చు పెరగడం మనుషులకేనా, కార్లకీ అంతే.

మామగారు 2019లో పోయారు. అప్పట్నుంచీ మా ఇంట్లో ఒకటే గొడవ. "ఈ డొక్కు తీసేసి కొత్తది కొందాం నాన్నా" అని మా అబ్బాయి. "నాన్నగారి కారు. నేనుండగా అమ్మను" అని మావారు. మధ్యలో నేను. ఎందుకంటే ఇంటి పద్దు పుస్తకం నా దగ్గరుంటుంది.

ఓ రోజు ఆ పుస్తకం ముందేసుకుని లెక్క కట్టాను. ఆ ఏడాది కారుకి పెట్టిన ఖర్చు ఇదీ: టైర్లు నాలుగు 9,200, క్లచ్ ప్లేటు సామాను 4,200, బ్యాటరీ 3,600, వెనక బ్రేకుల పని 3,100, ఫ్యాను మోటారు 1,900, సైలెన్సరు 1,700, స్టీరింగు దగ్గర ఏవో రాడ్లు 1,300. అంతా కలిపి 25,000. మరి కొత్తదో? ఐదు లక్షలు అప్పు తీసుకుంటే, తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్ళపాటు నెలకి పదివేల నాలుగువందల దాకా కట్టాలి. ఏడాదికి లక్షా పాతికవేలు. ఐదేళ్ళలో వడ్డీయే లక్షా ఇరవై మూడు వేలవుతుంది. ఆ లెక్క చూపించగానే మావారి ముఖం వెలిగిపోయింది. "చూశావా! నేను చెప్పలే?" అన్నారు. నాకూ నిజమేననిపించింది. లెక్కలో తప్పేమీ లేదు మరి. ఆ పుస్తకంలోకి ఎక్కనిది ఒకటుందని అరకు వెళ్ళినప్పుడే తెలిసింది.

కార్తీకంలో ప్రయాణం

2023 కార్తీకమాసంలో మా మరిది ఫోను చేశాడు. "వదినా, అన్నవరం వెళ్ళి స్వామిని చూసుకుని, అటునుంచటే అరకు వెళ్దాం. అమ్మని కూడా తీసుకురండి" అని. వాళ్ళు అంతకు ముందు ఏడాదే కొత్త కారు కొన్నారు. మా అబ్బాయి వెంటనే బాబాయి కారులో సర్దుకున్నాడు. మా కారులో మావారు, నేను, అత్తయ్యగారు, ఇంటరు చదివే మా అమ్మాయి. వెనక డిక్కీలో పులిహోర, పెరుగన్నం, జంతికలు, దుప్పట్లు, నీళ్ళ డబ్బా.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. అన్నవరంలో కొండెక్కి సత్యనారాయణస్వామి దర్శనం చేసుకున్నాం. ఆకులో కట్టి ఇచ్చే ఆ గోధుమనూక ప్రసాదం వేడివేడిగా తింటే ఆకలన్న మాట గుర్తు రాదు. తుని, యలమంచిలి దాటి, బెల్లానికి పేరుపడ్డ అనకాపల్లి చేరేసరికి బాగా ఎండెక్కింది. అక్కణ్ణుంచి సబ్బవరం, పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అంతదూరమూ మా మారుతి ఎక్కడా పేచీ పెట్టలేదు. మావారు స్టీరింగు మీద చెయ్యేసి నిమురుతూ "చూడు, గుర్రంలా పరిగెడుతోంది" అన్నారు. నేను మనసులోనే దిష్టి తీశాను.

ఎస్.కోట దాటాక కొండలు మొదలవుతాయి. విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. అందులో అసలు సిసలు దారి ఈ ఘాట్ రోడ్డే. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎదురుగా మలుపు తర్వాత మలుపు. అడవి వాసన, చల్లగాలి. దూరంగా లోయకి అవతల రైలు ఒక సొరంగంలో దూరి ఇంకో సొరంగంలోంచి బయటికొస్తుంటే మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మా మరిది కారు మాత్రం చప్పుడు లేకుండా మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

టైడా దాటాక మా కారులో టెంపరేచర్ ముల్లు పైకి లేవడం మొదలైంది. ఇంకో నాలుగు మలుపులు తిరిగేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి! రోడ్డు వెడల్పుగా ఉన్న చోట మావారు పక్కకి తీసి ఆపారు. దిగగానే తుండుగుడ్డ చేతికి చుట్టుకుని రేడియేటరు మూత తీయబోతే నేను అరిచాను. "ఏవండీ, విజిలు దిగని కుక్కరు మూత ఎవరైనా తీస్తారా?" అని. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నిజంగానే అది కుక్కరు లాంటిదే. లోపల నీళ్ళు ఒత్తిడి మీద మరుగుతుంటాయి. మూత తీస్తే ముఖం మీదికి చిమ్ముతాయి. ఇంజను చల్లారడానికి ముప్పావు గంటైనా ఆగాలి. వేడి మీద చన్నీళ్ళు పోసినా ఇంజను పగుళ్ళిచ్చే ప్రమాదముంది.

డాష్‌బోర్డు అరలో డైరీ

ఆ ముప్పావుగంటా ఏం చెయ్యను? తుడవడానికి గుడ్డ దొరుకుతుందేమోనని డాష్‌బోర్డు అర తెరిచాను. కాగితాల కింద ఓ చిన్న డైరీ కనిపించింది. మామగారి చేతిరాత. ఆయన ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేశారు. ఆఫీసు రికార్డు ఎంత పద్ధతిగా రాసేవారో కారు సంగతులూ అంత పద్ధతిగానే రాసుకున్నారు. ఏ రోజు ఇంజనాయిలు మార్పించారు, ఎన్ని కిలోమీటర్లకి ప్లగ్గులు వేయించారు, ఫ్యాను బెల్టు ఎప్పుడు కొత్తది వేశారు, అన్నీ. ప్రతి పద్దు పక్కనా మళ్ళీ ఎప్పుడు చేయించాలో కూడా ఉంది. చివరి పేజీల్లో ఒకటి: "12-3-2018. బ్రేక్ ఆయిలు మార్పించాను. మళ్ళీ 2020 మార్చిలో."

2020 మార్చి నాటికి ఆయన లేరు. ఆ నెల్లోనే లాక్‌డౌన్ కూడా వచ్చింది. ఆ తర్వాత ఆ పేజీ తెరిచిన వాళ్ళెవరూ లేరు.

డైరీ మావారికి చూపించి "బ్రేక్ ఆయిలు మార్చి ఐదేళ్ళు దాటింది. మీరు గానీ మార్పించారా?" అన్నాను. "మొన్న ఆగస్టులో రిజిస్ట్రేషనప్పుడు బ్రేకులు చూశారుగా, పట్టాయి. వెళ్ళాక చూద్దాంలే" అన్నారు. మా మెకానిక్ కూడా రెండుసార్లు గుర్తు చేశాడట. 'చూద్దాంలే' అన్న మాట ఎన్నిసార్లు విన్నానో! నేనూ గట్టిగా అనలేదు.

ఇంతలో అరకు వైపు వెళ్ళే జీపొకటి ఆగింది. డ్రైవరు దిగొచ్చి "ఏటయినాది బాబూ?" అని బానెట్ లోకి తొంగి చూశాడు. "ఫేను తిరగట్లేదు. మోటారు బాగానే ఉంది, సిచ్చి పోయినాది" అని, తన జీపులోంచి మూరెడు వైరు తెచ్చి బ్యాటరీకి నేరుగా కలిపాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. "ఊరెల్లాక కొత్త సిచ్చి ఏయించుకోండి" అన్నాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. అత్తయ్యగారు అన్నవరం ప్రసాదం ఆకుతో సహా చేతిలో పెడితే కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. పాత కారుకి ఉన్న గొప్ప సుగుణం ఇదే మరి. మూరెడు వైరుతో మళ్ళీ కదిలింది. మావారు నాకేసి విజయగర్వంతో చూశారు.

అనంతగిరి నుంచి అరకు దాకా

అనంతగిరి కాఫీ తోటలు చూసి తీరాలి. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. మేం వెళ్ళేసరికి కాయలు ఎర్రబడుతున్నాయి. కాఫీ అంటే డబ్బాలో పొడి తప్ప తెలియని మా అమ్మాయి ఓ పండు కొరికి "తియ్యగా ఉందమ్మా!" అని ఆశ్చర్యపోయింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేనో అరకేజీ పొడి, పావుకేజీ మిరియాలు కొన్నాను.

బొర్రా గుహల్లో సున్నపురాయి మీద నీటిచుక్కలు ఏళ్ళ తరబడి కారి కట్టిన ఆకారాలు చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. మెట్లు చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోవాలి. అత్తయ్యగారు బయటే కూర్చుని, కోతులకి అందకుండా మొక్కజొన్న పొత్తు తిన్నారు. దారి పొడవునా బొంగులో చికెన్ వాసన. కార్తీకమాసమని మేం ముట్టలేదు. పిల్లలు మాత్రం ఆ బొంగుల వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

అరకు చేరేసరికి పొలాల నిండా వలిసె పూలు. కొండ వాలున పసుపు ఆరబోసినట్టుంది. అవి నూనెగింజల పంట. నవంబరు, డిసెంబరు నెలల్లో వెళ్తేనే ఆ అందం దక్కుతుంది. రాత్రి చలికి అందరం ఒకే గదిలో చేరి జంతికలు తింటూ కూర్చున్నాం. మర్నాడు గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి చూశాం. చాపరాయి దగ్గర బండల మీద జారే నీళ్ళలో పిల్లలతోపాటు నేనూ తోడికోడలూ కూడా కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం.

దిగేటప్పుడు

మధ్యాహ్నం మూడింటికి తిరుగు ప్రయాణం. దిగుడు కదా, ఇంజను వేడెక్కదని ధీమాగా ఉన్నాం. పెట్రోలు కలిసొస్తుందని మావారు మూడో గేరులోనే దించుతున్నారు. మలుపు మలుపుకీ బ్రేకు. కాసేపటికి ఏదో కాలుతున్న వాసన వచ్చింది. "ఇదేం వాసనండీ?" అన్నాను. "ముందు లారీది" అన్నారు.

తర్వాత రెండు మలుపులకి ఆయన ముఖం మారిపోవడం చూశాను. బ్రేకు మీద కాలు వేస్తే పెడలు మెత్తగా, తడిసిన స్పాంజిలా కిందికి దిగిపోతోంది. కారు ఆగడం లేదు. కుడిపక్క లోయ. వెనక సీట్లో అత్తయ్యగారు, అమ్మాయి. మా కారులో వెనక సీటుకి బెల్టులే లేవు. మావారు గేరు రెండుకి, ఒకటికి దించారు. ఇంజను ఒక్కసారి గోల పెట్టింది. నేను హ్యాండ్ బ్రేకు పట్టుకున్నాను. ఆయన "మెల్లగా లాగు, మెల్లగా" అన్నారు. కొండవైపు గుంతలోకి దింపి, మట్టిగట్టుకి ఒరిపించి ఆపారు. ఎడమ అద్దం ఊడిపోయింది. అంతే. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఓ నిమిషం ఎవ్వరమూ మాట్లాడలేదు. అత్తయ్యగారి నోట సత్యనారాయణస్వామి నామం. మా అమ్మాయి నా భుజం వదల్లేదు. మరిదికి ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు. గంటసేపు అక్కడే కూర్చున్నాం. చక్రాలు చల్లారాక పెడలు మళ్ళీ గట్టిపడింది. ఒకటో గేరులో, నడిచే మనిషికన్నా కొంచెం వేగంగా కొండ దిగాం. సగం దారిలో మమ్మల్ని వెతుక్కుంటూ మరిది కారు వెనక్కి వచ్చింది. అత్తయ్యగారినీ అమ్మాయినీ అందులోకి మార్చేశాను. నేను మాత్రం మావారి పక్కనే కూర్చున్నాను.

ఎస్.కోటలో మెకానిక్ బ్రేక్ ఆయిలు తీసి చూపించాడు. కషాయంలా నల్లగా ఉంది. ఆ ఆయిలు ఏళ్ళు గడిచేకొద్దీ గాల్లో తేమ పీల్చుకుంటుందట. కొండ దిగుతూ ఊరికే బ్రేకు తొక్కితే ఆ వేడికి లోపలి నీరు మరిగి ఆవిరి బుడగలు కడుతుందట. అప్పుడు కాలు నొక్కినా ఆ నొక్కు చక్రాల దాకా చేరదు. కొత్త ఆయిలు పోసి, గాలి తీసి, అతను తీసుకున్నది 450 రూపాయలు. పద్దు పుస్తకంలో ఐదేళ్ళలో నేను 'ఆదా' చేసిన డబ్బు అది.

ఇంటికొచ్చాక

రెండు రోజులు మావారు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు అత్తయ్యగారే మాట కదిపారు. "మీ నాన్నగారికి అంబాసిడర్ అంటే ప్రాణం. అయినా దాన్ని తను చూసుకోలేకపోతున్నానని అనిపించగానే అమ్మేశారు. అప్పటికి నీకు పెళ్ళి కూడా కాలేదు. అమ్మి, మధ్యాహ్నం భోంచేసి, హాయిగా నిద్రపోయారు" అన్నారు. మావారు ఆ సంగతి మర్చిపోయినట్టున్నారు. చాలాసేపు ఏమీ అనలేదు.

నాకు అర్థమైంది ఇదీ. మా పాత కారు ఇన్నేళ్ళు నడిచింది గట్టి కారు కావడం వల్ల ఒక్కటే కాదు, దాని వెనక డైరీ రాసే మనిషి ఉండడం వల్ల. మేం కారుని ఉంచుకున్నాం గానీ ఆ పని ఎవరమూ తీసుకోలేదు. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే పాత కారు నిజంగా చవకే. లేకపోతే ఆ చవక ఎప్పుడు ఎక్కడ వసూలవుతుందో చెప్పలేం. కొత్త కారైతే ఈ బెంగ కొంత తగ్గుతుంది. మా మరిది కారు అదే కొండని నిశ్శబ్దంగా ఎక్కి, నిశ్శబ్దంగా దిగింది. పైగా 2019 జూలై నాటికి మన దేశంలో కొత్త కార్లకి డ్రైవరు ఎయిర్ బ్యాగూ, జారకుండా పట్టే ఏబీఎస్ బ్రేకులూ తప్పనిసరి చేశారు. మా మారుతిలో ఆ రెండూ లేవు, ఎంత రిపేరు చేయించినా రావు.

అలాగని అప్పు చేసి కొత్తది కొనడానికి నా మనసొప్పలేదు. నా చీటీ డబ్బుకి కొంత కలిపి, 2024 సంక్రాంతి తర్వాత, 2019 చివర్లో తయారైన కారొకటి 3,60,000కి కొన్నాం. కొనేముందు మా మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళి, సర్వీసు కాగితాలన్నీ చూసుకున్నాం. వెనక సీట్లో కూడా బెల్టులున్నాయి. అత్తయ్యగారు మొదట్లో "కట్టేసినట్టుందే" అని గొణిగారు గానీ ఇప్పుడు తనే ముందు పెట్టుకుంటారు. మారుతిని మావారు అమ్మలేదు. బ్రేకులన్నీ విప్పించి బాగుచేయించారు. బజారుకీ, గోదావరి గట్టుకీ తప్ప ఊరి పొలిమేర దాటించరు.

బయల్దేరే ముందు చూసుకోండి

కారు పాతదైనా కొత్తదైనా దూరప్రయాణానికి, ముఖ్యంగా కొండ దారికి, ఇవి మర్చిపోకండి.

1. బ్రేక్ ఆయిలు రెండేళ్ళకోసారి మార్పించాలి. పెడలు మెత్తగా అనిపిస్తే బయల్దేరొద్దు.

2. రేడియేటరులో బోరు నీళ్ళు పోయకండి, లోపల తుప్పూ పాచీ కడతాయి. కూలెంటు వాడాలి. ఫ్యాను తిరుగుతోందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి.

3. కొండ ఏ గేరులో ఎక్కుతుందో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో అస్సలు దింపకూడదు.

4. టైర్లు అరక్కపోయినా వయసు చూడాలి. పక్కన నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో 23వ వారం అన్నమాట.

5. స్టెప్నీలో గాలి, జాకీ, ఒక టార్చిలైటు, మూరెడు వైరు, రెండు సీసాల నీళ్ళు ఉంచుకోవాలి.

6. కాలుతున్న వాసన వస్తే అది పక్కవాళ్ళ బండిదనుకోకండి. ఆగండి.

మామగారి డైరీలో ఇంకా తెల్లకాగితాలు మిగిలాయి. ఇప్పుడు రెండు కార్ల పద్దులూ నేనే రాస్తున్నాను. పాలవాడి లెక్కా, గ్యాసు బండ తేదీ రాసుకునే మనకి ఇదేమంత కష్టం? ఈ ఆదివారం మీవారు తీరిగ్గా పేపరు చదువుతుంటే పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి, "ఏవండీ, బ్రేక్ ఆయిలు ఎప్పుడు మార్పించారు?" అని. "చూద్దాంలే" అంటే మాత్రం కాఫీ ఇవ్వకండి.